బోడుప్పల్ మేనేజర్ ఆ అంకె ఎందుకు మార్చాడు?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 33 ఏళ్లు. మాది వరంగల్, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. బీటెక్ అయ్యాక తొమ్మిదేళ్లుగా ఒక రిటైల్ కంపెనీ అనలిటిక్స్ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఏ స్టోర్‌కి ఏ సరుకు ఎంత పంపాలో లెక్కగట్టే మోడల్స్ మావే. జీతం బాగానే ఉంది కానీ, ఉన్నచోటే తిరుగుతున్నట్టు అనిపిస్తోంది. మేం పంపిన అంకెల్ని స్టోర్ మేనేజర్లు చేత్తో మార్చేస్తుంటారు. బోడుప్పల్ మేనేజర్ అయితే పండగ వచ్చిందంటే మార్చాల్సిందే. సగం సార్లు ఆయనే రైటు. ఎందుకని ఎవరూ అడగరు. పీహెచ్‌డీ చేయాలని రెండేళ్లుగా మనసులో ఉంది. ఐఐఎంకి రాయాలా, అమెరికా వెళ్లాలా తేలడం లేదు. ఈమధ్య ఒక వెబినార్‌లో 18 నెలల ఆన్‌లైన్ డాక్టరేట్ గురించి చెప్పారు. ఫీజు 6 లక్షలు, ఉద్యోగం మానక్కర్లేదట, నెలాఖరులోగా కడితే డిస్కౌంట్. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాపకు నాలుగేళ్లు, ఇంటి లోన్ ఉంది. లెక్కలంటే భయం, బీటెక్‌లో ఎం-3 (మూడో లెక్కల పేపర్) రెండోసారికి గానీ పాసవలేదు. మా అత్తగారు "ఇప్పుడు చదువేంటమ్మా" అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, నెలాఖరు దగ్గర పడుతోంది కాబట్టి ముందు ఆ 6 లక్షల సంగతి చెప్తాను. కట్టకండి. అడ్వాన్స్ కట్టి ఉంటే వెనక్కి అడగండి.

మన దేశంలో పీహెచ్‌డీలకు ఇప్పుడు నడుస్తున్న యూజీసీ నిబంధనలు 2022 నవంబరులో వచ్చాయి. ఆన్‌లైన్‌లో గానీ, దూరవిద్యలో గానీ పీహెచ్‌డీ చేయించకూడదని అందులో స్పష్టంగా ఉంది. కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు పట్టాలని కూడా ఉంది. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని, ప్రకటనలు చూసి చేరొద్దని అదే ఏడాది యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. 2025 జనవరిలో రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదని తేల్చి, ఐదేళ్ల పాటు కొత్తవాళ్లను చేర్చుకోకుండా యూజీసీ ఆపేసింది. అక్కడ అప్పటికే పట్టాలు తీసుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఎదుటివాళ్లు ఆ పేరు చూసి ముఖం ఎలా పెడతారో నేను ఊహించగలను. సెలెక్షన్ కమిటీలో ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను.

డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) అని ఇంకొకటుంది. మంచి బిజినెస్ స్కూళ్లు అనుభవమున్న మేనేజర్ల కోసం నడిపే డీబీఏలు నిజమైన చదువులే, కష్టపడి చదవాల్సినవే. అవి మీ కంపెనీలో మీ మాటకు బరువు తెస్తాయి. పరిశోధన చేసే ప్రొఫెసర్ ఉద్యోగానికి మాత్రం మామూలుగా అవి దారి కావు. మీ ఉత్తరం చదివితే మీకు కావలసింది అది కాదనిపించింది.

ఎందుకంటే మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. "సగం సార్లు ఆయనే రైటు. ఎందుకని ఎవరూ అడగరు." పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవాలనుకునేవాళ్ల నుంచి నాకు చాలా ఉత్తరాలు వస్తాయి. ఇలాంటి వాక్యం ఉన్న ఉత్తరాలు తక్కువ. మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీలో శాఖలైన ఆపరేషన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అనలిటిక్స్ మూడూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. అందుకే కాస్త ఆగి దాని గురించే మాట్లాడతాను.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి పొద్దున్నే బంతిపూలు కొనే చిల్లర వ్యాపారిని తీసుకోండి. కిలో 60కి కొని 100కి అమ్ముతుందనుకుందాం. మిగిలితే సాయంత్రానికి వాడిపోతాయి, పారేయాల్సిందే. ఒక కిలో తక్కువ తెస్తే 40 రూపాయల లాభం పోతుంది, ఎక్కువ తెస్తే 60 నష్టం. 40ని, ఆ రెండూ కలిపిన 100తో భాగిస్తే 0.4. అంటే పది రోజుల గిరాకీని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా రాసి, నాలుగో అంకె దగ్గర ఆగాలి. సగటు కన్నా కాస్త తక్కువ తేవాలన్నమాట. దీన్నే మా సబ్జెక్టులో న్యూస్‌వెండార్ సమస్య అంటారు, పేపర్లు అమ్మే కుర్రాడి పేరు మీద. మొదటి సెమిస్టర్‌లోనే చెప్తాం. మీ కంపెనీ మోడల్ లోపల కూడా ఎక్కడో ఈ లెక్కే ఉంటుంది.

ఇంతవరకూ మీకు తెలిసిందే. 2000లో మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రికలో ష్వైట్జర్, కషాన్ అనే ఇద్దరు ఈ సమస్యనే మనుషుల ముందు పెట్టారు. గిరాకీ ఎలా ఉంటుందో, ఏ అంకె రావడానికి ఎంత అవకాశముందో అన్నీ ముందే చెప్పి, ఎంత తెప్పిస్తారో రాయమన్నారు. లాభం ఎక్కువ ఉన్న సరుకును తక్కువ తెప్పించారు, లాభం తక్కువ ఉన్నదాన్ని ఎక్కువ తెప్పించారు. రెండు వైపులా మనసు సగటు వైపే లాగింది. లెక్క తెలిసినవాళ్లు కూడా అలాగే చేశారు. ఆ ఒక్క పేపర్ నుంచి బిహేవియరల్ ఆపరేషన్స్ అనే పాయలో పెద్ద చర్చ మొదలైంది.

ఇప్పుడు మీ బోడుప్పల్ మేనేజర్ దగ్గరికి రండి. ఆయన అంకె మార్చినప్పుడు తప్పవుతున్నది బహుశా ఆ సగటు లాగుడు వల్ల కావచ్చు. మరి రైటవుతున్నప్పుడు? ఆయనకు తెలిసినదేదో మీ డేటాలో లేదు. సద్దుల బతుకమ్మ ఏ రోజనే దాని మీద కొన్నేళ్లు పంచాంగాలు తలోమాట చెప్తాయి. మీ మోడల్ క్యాలెండర్ చూస్తుంది, ఆయన కాలనీ గుళ్లో పంతులుగారిని అడిగి ఉంటాడు. నువ్వులు, బెల్లం, పల్లీలు ఏ రోజు కదులుతాయో దాన్ని బట్టే కదా. లేదా ఆ వీధిలో సగం ఇళ్లు ముందే ఊళ్లకు వెళ్లిపోతున్నాయని బస్ టికెట్ల మాటల్లో విని ఉంటాడు. ఇవన్నీ నా ఊహలు. ఆయన ఎప్పుడు మారిస్తే మంచిది, ఎప్పుడు మార్చనివ్వకూడదు, స్క్రీన్ మీద ఏం చూపిస్తే ఆయన సరైన చోట మాత్రమే మారుస్తాడు? ఈ మూడు ప్రశ్నలు చాలు ఒక థీసిస్‌కి. తొమ్మిదేళ్ల నుంచి రోజూ ఆ డేటా పక్కనే కూర్చున్నారు మీరు. 24 ఏళ్లకు నేరుగా పీహెచ్‌డీలో చేరిన కుర్రవాళ్లకు ఇలాంటి ప్రశ్న దొరకడానికే రెండేళ్లు పడుతుంది. మీ వయసు గురించి మీరు పడుతున్న టెన్షన్‌కి నా జవాబు ఇదే. నేను చేరింది 34కి.

అయితే ఉద్యోగంలో చేసే అనలిటిక్స్‌కీ పరిశోధనకీ మధ్య ఒక తేడా ఉంది. అది తెలియక వచ్చి రెండో ఏడు మానేసినవాళ్లను చూశాను. ఆఫీసులో మీ పని వచ్చే వారం ఎంత అమ్ముడవుతుందో చెప్పడం. తప్పు శాతం తగ్గితే అందరికీ సంతోషం. పరిశోధనలో అడిగేది ఇంకొకటి: మనం ఈ పని చేయకపోయి ఉంటే ఏమయ్యేది? కర్ణాటకలో 2014 నుంచి వ్యవసాయ మార్కెట్ యార్డుల్ని ఒక్కొక్కటిగా ఒకే ఆన్‌లైన్ వేలం వేదిక మీదికి తెచ్చారు. ధరలు పెరిగాయా అని అడిగితే పట్టికలు చూసి అవుననో కాదనో ఎవరైనా చెప్పేస్తారు. కానీ ఆ ఏడు వాన తక్కువైనా ధర పెరుగుతుంది కదా? ఎంఐటీ నుంచి వచ్చిన ఒక బృందం, అందులో ఒక పీహెచ్‌డీ విద్యార్థి కూడా ఉన్నారు, ఆ వేదికలో చేరిన యార్డులు, చేరని యార్డులు పక్కపక్కన పెట్టి చూసింది. ముందు, తర్వాత తేడా ఎంత, ఆ రెండు తేడాల మధ్య తేడా ఎంత అని. వడ్లకు 5.1 శాతం, వేరుశనగకు 3.6, మొక్కజొన్నకు 3.5 ధర పెరిగిందని 2020లో ప్రచురించారు. పత్తి, పెసలు, కందుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఒకే వేదిక, ఒకే రాష్ట్రం, మరి పత్తికి ఎందుకు రాలేదు? నాకు ఆ పేపర్‌లో అన్నింటికన్నా నచ్చింది ఆ ప్రశ్నే. మీకు కూడా ఇప్పుడు ఆ పత్తి గురించే ఆలోచన వస్తుంటే మీరు ఈ దారికి సరిపోతారు. వడ్లకు 5.1 వచ్చింది కదా, చాల్లే అనిపిస్తే ఉద్యోగంలోనే హాయిగా ఉండండి, అందులో తక్కువేం లేదు.

ఆపరేషన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అనలిటిక్స్ మూడింటిలో ఏది అంటారా? ఆపరేషన్స్‌లో మోడల్ కట్టడం, రుజువు చేయడం ఎక్కువ. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో మనిషి, సాఫ్ట్‌వేర్, సంస్థ ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయన్నది ప్రధానం. అక్కడ ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను విశ్లేషించే గణాంక పద్ధతులు), ప్రయోగాలు, ఇంటర్వ్యూలు అన్నీ నడుస్తాయి. అనలిటిక్స్ అని పేరు పెట్టిన చోట పద్ధతుల మీద, మెషిన్ లెర్నింగ్ మీద దృష్టి ఉంటుంది. ఒక్కో సంస్థ ఒక్కోలా విడదీస్తుంది. ఐఐఎం బెంగళూరులో డెసిషన్ సైన్సెస్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఆపరేషన్స్ వేర్వేరు. పేరు చూసి మోసపోకుండా, అక్కడి ప్రొఫెసర్లు గత ఐదేళ్లలో ఏం రాశారో చూడండి. మీ ప్రశ్నకు నేనైతే బిహేవియరల్ ఆపరేషన్స్ చేసేవాళ్లనో, మనుషులూ అల్గారిథమ్‌లూ కలిసి నిర్ణయాలు తీసుకోవడం మీద పనిచేసే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వాళ్లనో వెతుకుతాను. ఎంఎస్‌ఓఎం (మాన్యుఫ్యాక్చరింగ్ అండ్ సర్వీస్ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్), ప్రొడక్షన్ అండ్ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్, ఎంఐఎస్ క్వార్టర్లీ, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రీసెర్చ్ పత్రికల్లో గత రెండేళ్ల విషయసూచికలు తిరగేస్తే ఎవరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

లెక్కల భయం గురించి మెత్తగా చెప్పలేను. లెక్కలు కావాలి. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ఆప్టిమైజేషన్, ఎకనామెట్రిక్స్ రాకుండా మొదటి ఏడు గట్టెక్కలేరు. ఆపరేషన్స్ అయితే రియల్ అనాలిసిస్ (రుజువులతో నడిచే గణితం) కూడా. కానీ ఎం-3 తప్పడం దీనికి కొలత కాదు. ఎం-3లో మనం ఫార్ములాలు బట్టీ పట్టి, పాత పేపర్లు చూసుకుని రాసేవాళ్లం. ఇక్కడ ఒక వాక్యం ఎందుకు నిజమో కాగితం మీద చూపించాలి. రియల్ అనాలిసిస్ మొదటి హోంవర్క్‌లో నాకు ఇచ్చినవి ఐదు లెక్కలు. మూడు రాత్రులు కూర్చుంటే రెండు వచ్చాయి. మూడోది నాలుగో రోజు పొద్దున్న కుక్కర్ పెట్టి విజిల్ కోసం చూస్తుంటే తట్టింది, స్టవ్ పక్కనే పాల ప్యాకెట్ మీద రాసుకున్నాను. ఆ ఆనందం కోసమే చదవాలనిపిస్తుంది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులు ఉచితంగా ఉన్నాయి. ప్రాబబిలిటీది ఒకటి, లీనియర్ ప్రోగ్రామింగ్‌ది ఒకటి తీసుకుని పాప లేవకముందు రోజూ గంటసేపు, వీడియో చూడటం కాదు, లెక్కలు చేయండి. నాలుగు నెలలు అలా చేసి చూడండి. ఆ గంట కోసం ఎదురుచూస్తున్నారా, వాయిదా వేస్తున్నారా అనేది మీకే తెలిసిపోతుంది.

ఎక్కడ చేయాలన్నది మీ విషయంలో చదువు ప్రశ్న కన్నా ఇంటి ప్రశ్న. అమెరికాలో మంచి బిజినెస్ స్కూళ్లు పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు తీసేసి స్టైపెండ్ ఇస్తాయి. ఐదేళ్లు పడుతుంది. శిక్షణ గట్టిగా ఉంటుంది, కానీ ఒక్కో శాఖలో ఏడాదికి ఇద్దరు ముగ్గుర్నే తీసుకునే చోట్లే ఎక్కువ. దరఖాస్తులు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తాయి. జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ రాయాలి, మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. మీరు ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఇంకొకటి. మీది ఎఫ్-1 (విద్యార్థి వీసా) అయితే మీవారిది ఎఫ్-2 (విద్యార్థి మీద ఆధారపడినవాళ్ల వీసా) అవుతుంది, ఆ వీసా మీద ఆయన అక్కడ ఉద్యోగం చేయడానికి లేదు. ఒక్క స్టైపెండ్ మీద ముగ్గురు బతుకుతూ ఇక్కడ ఈఎంఐ కట్టాలి. లేదా ఆయన ఇక్కడ, మీరు అక్కడ, పాప ఎవరి దగ్గర? కెనడాలో పీహెచ్‌డీ విద్యార్థుల జీవిత భాగస్వామికి వర్క్ పర్మిట్ దొరికే వీలుంది కాబట్టి విదేశమే అనుకుంటే అటు కూడా చూడండి.

మీ పరిస్థితికి నేను ఇండియా వైపే మొగ్గుతాను. 2017 చట్టం వచ్చేదాకా ఐఐఎంలకు డిగ్రీలిచ్చే అధికారం లేదు. అప్పట్లో అక్కడి డాక్టరేట్ చదువును ఎఫ్‌పీఎం (ఫెలో ప్రోగ్రామ్ ఇన్ మేనేజ్‌మెంట్) అనేవారు, చివర్లో 'ఫెలో' అనే టైటిల్ వచ్చేది. ఇప్పుడు నేరుగా పీహెచ్‌డీ పట్టానే. ఆపరేషన్స్ అంటే ముంబైలోని పాత ఎన్‌ఐటీఐఈని మర్చిపోకండి, అది 2023లో ఐఐఎం ముంబై అయింది. తెలుగు రాష్ట్రాల్లోనే కావాలంటే ఐఐఎం విశాఖపట్నం ఉంది. హైదరాబాద్‌లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ ఉన్నాయి. క్యాట్ ఏటా నవంబరు చివర్లో. చాలా ఐఐఎంలు జీఆర్‌ఈ, జీమ్యాట్, గేట్, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్కోర్లు కూడా తీసుకుంటాయి. పీజీ లేదని మీరు అనుమానపడుతున్నట్టున్నారు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీహెచ్‌డీకి అర్హులేనని 2022 యూజీసీ నిబంధనల్లోనే ఉంది. ఐఐఎంలకు సొంత నియమాలుంటాయి, అవి విడిగా చదువుకోండి.

ఉద్యోగం చేస్తూ యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ చేయొచ్చు, కంపెనీ నుంచి ఎన్‌వోసీ కావాలి. మహిళలకు గడువు మీద రెండేళ్లు అదనంగా ఇస్తారు, మొత్తం పదేళ్లు దాటకుండా. చదువు కాలం మొత్తంలో పిల్లల కోసం 240 రోజుల వరకు సెలవు కూడా ఉంది. ఈ సంగతి చాలామంది అమ్మాయిలకు తెలియక మధ్యలో మానేస్తున్నారు, అందుకే చెప్తున్నాను. కానీ పార్ట్‌టైమ్‌లో మీ ప్రశ్న ఆదివారాల ప్రశ్న అయిపోతుంది. కుదిరితే ఫుల్‌టైమ్ చేయండి.

డబ్బు సంగతి కాగితం మీద పెట్టండి. జేఆర్‌ఎఫ్ ఇప్పుడు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. ఐఐఎంల స్టైపెండ్ వాళ్లే నిర్ణయించుకుంటారు. ఏదైనా మీ ఇప్పటి జీతం ముందు చిన్నదే. ఐదేళ్ల పాటు లోన్ మీవారి జీతం మీదే నడవాలి. చేరే ముందు ఆరు నెలలు మీ జీతంలోంచి స్టైపెండంత మాత్రమే వాడి, మిగతాది పక్కన పడేయండి. ఇల్లు నడిచిందా లేదా చూసుకోవచ్చు, పైగా ఆ డబ్బు చేతిలో ఉంటుంది. తర్వాత వచ్చే ఉద్యోగం సంగతి కూడా తెలుసుకోండి: యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700తో మొదలవుతుంది, ఐఐఎంలో రెగ్యులర్ పోస్టుకు 1,01,500. ఇప్పుడున్న దారిలోనే వెళితే అప్పటికి ఇంకా ఎక్కువ సంపాదిస్తారు. ఈ లెక్క తెలిసే దిగాలి.

ఇక గైడ్. ఐఐఎం పేరు చూసుకునే చేరి, గైడ్ ఎవరో చూసుకోని తప్పు నేను చేశాననుకోండి. నేను చదివిన చోట మూడో ఏడు మా గైడ్ ఉద్యోగం మారి వేరే దేశం వెళ్లిపోయారు. ఒక మెయిల్ పెట్టారు, అంతే. నా టాపిక్ తెలిసినవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు. కొత్త గైడ్ మంచి మనిషే, కానీ ఆయనది వేరే పని. సగం రాసిన చాప్టర్ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను, ఏడాదిన్నర పోయింది. కాబట్టి ఏ చోటైనా మీ ప్రశ్న అర్థమయ్యేవాళ్లు కనీసం ఇద్దరుండాలి. చేరే ముందు వాళ్ల దగ్గర చదువుతున్న విద్యార్థులతో విడిగా ఫోన్‌లో మాట్లాడండి. డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులకు చదువుతారు, పేపర్ మీద మొదటి పేరు ఎవరిది, ఇప్పటిదాకా ఎంతమంది ముగించారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు? చివరి ప్రశ్నకు వాళ్లు ఒక్క క్షణం ఆగితే ఆ మౌనం కూడా జవాబే.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. ఆవిడ అడుగుతున్నది పాపను ఎవరు చూస్తారని అయితే, అది న్యాయమైన ప్రశ్న. కాంప్స్ (కోర్సువర్కు అయ్యాక ఉండే పెద్ద పరీక్షలు) రాసే రెండు మూడు నెలలు మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే. ఆ నెలలు ఎప్పుడొస్తాయో, ఎవరు ఏ పని చూసుకుంటారో ముందే కూర్చుని మాట్లాడితే ఆవిడే మీ వైపు రావచ్చు. మా అత్తగారు అలాగే వచ్చారు. నా వైవా రోజు హాల్లో చివరి వరసలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా రెండు గంటలు కదల్లేదు.

దరఖాస్తులకు ఇంకా టైముంది. ఈలోగా ఒక పని చేయండి. ఈ ఆదివారం బోడుప్పల్ స్టోర్‌కి ఆఫీసు మనిషిలా కాకుండా వెళ్లండి. రద్దీ తగ్గాక మేనేజర్‌ని బయట టీకి పిలవండి. కిందటి పండగప్పుడు ఆయన మార్చిన ఒక్క అంకె, ఒకే ఒక్కటి, ముందు పెట్టి ఆ రోజు ఏం చూసి మార్చారని అడగండి. మధ్యలో మాట్లాడకండి, తప్పని చెప్పకండి. ఇంటికొచ్చాక ఆయన మాటలు ఆయన చెప్పినట్టే, తారీఖు వేసి, ఒక కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.